పాత చిత్రమునకు క్రొత్త రంగు

మా అవ్వకు అక్షరములు రావు. అయినను 'మాయాబజార్' చిత్రములోని పద్యములు పెక్కు ఆమెకు కంఠస్థములు. బాగేపల్లి ప్రాంతమున డేరా సినిమాలు ఆడు దినములలో ఎద్దులబండిపై పోయి ఆ చిత్రమును పలుమారు చూచితినని ఆమె తరచు చెప్పుచుండెడిది.

2010వ సంవత్సరము జనవరి 30వ తేదీన ఆ చిత్రము రంగులు దిద్దుకొని మరల విడుదలయ్యెను. నేనప్పుడు ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుంటిని. సెలవునకు ఇంటికి వచ్చి, అవ్వను బస్సెక్కించి, సరిహద్దున కావలనున్న పట్టణమునకు తీసికొని పోతిని. శశిరేఖ కట్టిన చీరల రంగులను చూచి అవ్వ చిన్నపిల్లవలె మురిసినది. కాని సగము ఆట గడచునప్పటికి ఆమె మౌనము వహించెను. బయటికి వచ్చిన పిదప నన్నొక ప్రశ్న అడిగినది.

"రంగులు బాగుండాయి నాయనా. పద్యాలు యాడికి పాయె?"

నాకు సమాధానము తోచలేదు.

తరువాత తెలిసికొంటిని. విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రము 1957 మార్చి 27న విడుదలయ్యెను. దర్శకులు కె.వి.రెడ్డిగారు; ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే; మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావుగారివి. చలనచిత్రమున సెకనుకు 24 బొమ్మలు కదలును. 184 నిమిషముల చిత్రమునకు ఎన్ని బొమ్మలగునో విద్యార్థులు గుణించి చూడవచ్చును: 2,64,960. హైదరాబాదునందలి గోల్డ్‌స్టోన్ సంస్థవారు వీనిని కంప్యూటరులోనికి ఎక్కించి, గీతలు, మరకలు తుడిచి, రంగులు దిద్దించిరి. ధ్వనిని నేటి సినిమాశాలలకు తగినట్లు మార్చిరి. ఇట్టి పని అంతకు ముందును జరిగియున్నది. 1960 నాటి హిందీ చిత్రము 'మొఘల్-ఎ-ఆజం' 2004లోను, రాజ్‌కుమార్‌గారు నటించిన 1965 నాటి కన్నడ చిత్రము 'సత్య హరిశ్చంద్ర' 2008లోను రంగులతో వచ్చెను. ఈ కన్నడ చిత్రమునకు నిర్మాత మన కె.వి.రెడ్డిగారే.

ఈ పనిని నేను నిందింపను. ఫిల్ము నశించు వస్తువు. మన దేశపు మొదటి మాటల చిత్రమైన 'ఆలం ఆరా' 1931లో విడుదలయ్యెను. నేడు దాని ప్రతి యొక్కటియు దొరకదు. దుమ్ము దులిపి భద్రపరచువారు లేకున్నచో ఎంతటి చిత్రమునకైనను అదే గతి పట్టును.

అయితే రంగుల 'మాయాబజార్' నిడివి తగ్గినది. కొన్ని పాటలు, పెక్కు పద్యములు అందు లేవు. చూచువానికి ఆ లోటు తెలియదు. అతుకు కనబడదు, కథ సాఫీగా సాగిపోవును. లేని దానిని అడుగవలెనన్న అది ఒకప్పుడుండెనని ఎరిగినవారుండవలెను. ఆనాడు మా చుట్టు కూర్చున్నవారందరును చప్పట్లు కొట్టిరి. మా అవ్వ మాత్రము పద్యములేవని అడిగినది. చిత్రమునకు మూలప్రతి యెట్టిదో, చదువురాని ఆమె చెవి అట్టిది.

తిరుగు ప్రయాణమున బస్సు కిటికీ ప్రక్కన కూర్చుండి, కోతపడిన పద్యములను ఆమె మెల్లగా ఒక్కొక్కటే పాడినది. వాని వెంట, ఊరి వీధినాటకములలో విన్న పద్యములను గూడ పాడినది. నేను వినుచు కునుకు తీసితిని. సినిమా పద్యములు పాత నలుపుతెలుపు ప్రతిలో నాకు తరువాత దొరకినవి. నాటకపు పద్యములు మాత్రము ఏ ప్రతిలోను లేవు. నాలుగేండ్లకు అవ్వ పోయినది. అవియు ఆమెతో పోయినవి. తెలుగు పంతులు పని నేర్చుకొనుచున్న నా జేబులో ఆనాడు కలమున్నది, కాగితమున్నది.

అందుచేతనే నిరుడు తరగతిలో పాత ప్రతినే చూపించితిని. పద్యము రాగానే చింతామణి వైపు నుండి వచ్చు ఒక బాలిక, "ఇట్లాంటివి మా తాత పాడుతాడు సార్" అనెను. మరునాడు ఆయన నోటుపుస్తకము తెచ్చినది. ఆయన చదివినది కన్నడ బడిలో. లిపి కన్నడము, పలుకు తెలుగు. కైవారము తాతయ్యగారు తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిన గడ్డ మనది. ఇందు వింత యేమున్నది? ఆ పద్యములను పిల్లలు తెలుగు లిపిలోనికి ఎత్తి వ్రాసిరి. 'కపిల', 'మాపటేల' వంటి మాటలకు అర్థము ఇంట అడిగి వచ్చిరి.

మాటలు ఎవరో ఒకరు పుట్టింపనిదే పుట్టవని పింగళివారు ఘటోత్కచునిచేత చెప్పించిరి. పలుకువారు లేనిదే అవి బ్రతుకవని మన ప్రాంతపు అనుభవము చెప్పుచున్నది.

విద్యార్థులారా, నేడు పాత చిత్రములు మీ తండ్రుల చేతి ఫోనులలోనికే వచ్చుచున్నవి. రంగుల ప్రతిని చూడుడు, సంతోషింపుడు. పాత ప్రతిని గూడ ఒకమారు, ఇంటి పెద్దల ప్రక్కన కూర్చుండి చూడుడు. వారు నడుమ ఆపి, "ఇక్కడ ఒక పద్యముండవలెనే" అన్నచో ఫోను క్రింద పెట్టి కలము తీయుడు. తల్లిదండ్రులకును నా మనవి యిదియే. నేను ఆ బస్సులో చేయని పనిని మీ పిల్లలచేత చేయింపుడు.