తాత గాలం

మా తాత సవర. మందస కొండల కింద గూడెంలో పుట్టాడు. పెళ్ళయ్యాక వజ్రపుకొత్తూరు వైపు ఒక జీడితోటకి కాపలాకొచ్చి, అక్కడే ఉండిపోయాడు. మహేంద్రతనయ నీళ్ళలో చిన్నప్పుడు నేర్చుకున్న గాలం పని ఒక్కటీ వెంట తెచ్చుకున్నాడు.

తోట వెనక చిన్న గెడ్డ ఉంది. రోహిణి కార్తె వచ్చేసరికి పారడం మానేసి రెండు మూడు మడుగులుగా మిగిలేది. అప్పటికి జీడిపిక్కల పని అయిపోయేది. ఆకుమళ్ళ పని ఇంకా మొదలయ్యేది కాదు. ఆ నాలుగు వారాలూ ఇంట్లో చేతి డబ్బులుండేవి కావు. గంజిలోకి కూర ఆ మడుగే ఇచ్చేది.

తాత దగ్గర వెదురు కర్ర, దారం, గాలపు ముల్లు, అంతే. మామూలు రోజుల్లో వానపాము ఎర. తొలి వాన పడిన సాయంత్రం మాత్రం బెండూ, సీసం గుండూ తీసేసేవాడు. ఆ వేళ పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి కదా! ఒకదాన్ని ముల్లుకి గుచ్చి, నీళ్ళ మీద అదే వాలినట్టు మెల్లగా వేసేవాడు. పరిగె పైకొచ్చి టపీమని అందుకునేది.

“గుంటడా, నీ నీడ నీళ్ళ మీద పడనీకు. చేప నిన్ను చూసిందంటే ఈ పూటకి వట్టి గంజే” అనేవాడు. అందుకే పడమటి ఎండకి ఎదురుగా, నీడ వెనక్కి పడేలా కూర్చునేవాళ్ళం.

పెద్దయ్యాక ఒక పుస్తకంలో ట్రౌట్ అనే చేప గురించి చదివాను. ఇంగ్లీషు దొరలు ఈకలతో, దారంతో దొంగ ఈగలు కట్టి, నీళ్ళ మీద ఆడించి దాన్ని పడతారట. ఆ సరదా కోసమే దాన్ని కాశ్మీరుకీ నీలగిరులకీ తెచ్చి పెంచారట. చల్లనీటి చేప, మా ఎండలకి బతకదు. పని మాత్రం తాత పనే. వాళ్ళకది ఆట, మాకు కూర.

తాతకి ఒక కట్టడి ఉండేది. కొత్త నీళ్ళకి కొర్రమీను పిల్లలు పెడుతుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైన తిరుగుతుంటే, తల్లీతండ్రీ కింద కాపలా కాస్తాయి. ఆ ఎరుపు కనబడితే తాత గాలం తీసేసి ఇంకో మడుగుకి పోయేవాడు. ఇంట్లో ఏమీ లేని రోజునా అంతే.

ఇంటర్ చదివే ఏడాది నేనూ, నా నేస్తాలిద్దరూ ఒక రాత్రి పెద్ద మడుగులో బ్లీచింగు పొడి కలిపాం. తెల్లారేసరికి గంపెడు చేపలు. గొప్పగా ఇంటికి మోసుకొచ్చాను. తాత గంప వైపు చూడలేదు. గెడ్డకి నడిచాడు. నేనూ వెనకే పోయాను. కప్పలు, నత్తలు, ఎర్రపిల్లలు అన్నీ తేలి ఉన్నాయి. తాత గొంతుక్కూర్చుని కొన్ని పిల్లల్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

“అమ్మా పోయింది, అయ్యా పోయాడు, పిల్లలూ పోయినాయి. ఇంక ఎవులు మిగిలారురా?”

కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చి గాలం కర్ర చూరులో దోపాడు. మరి తియ్యలేదు. మరుసటి ఏడాది రోహిణిలో మడుగు ఉంది, చేప లేదు. అరువుకి తెచ్చిన ఎండుచేపలతో గంజి తాగాం. రెండేళ్ళకి తాత పోయాడు.

విషం కలిపి, పేలుడు మందు వేసి చేపలు పట్టడం నేరమని 1897 నాటి మత్స్య చట్టంలోనే రాసి ఉందని తరవాత తెలిసింది. తాత ఆ చట్టం చదవలేదు. నేను చదువుకుంటున్నవాణ్ణి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మండలంలోనే పల్లిసారథి దగ్గర తీరం దాటింది. తాత కాసిన జీడిచెట్లు వేళ్ళతో లేచిపోయాయి. గెడ్డ పొంగి ఎటు పారిందో తెలియలేదు. ఆ వరదతోనే కాబోలు, మడుగులోకి మళ్ళీ చేప వచ్చింది.

మొన్న తొలి వానకి నా కూతుర్ని తీసుకెళ్ళాను. ఉసిలిని గుచ్చడం నేర్పాను. అవతలి ఒడ్డున ఎరుపు కదిలింది. గాలం తీసెయ్యమన్నాను.

“ఎందుకు నాన్నా? అక్కడే కదా చేపలు!”

తాత కట్టడి చెప్పాను. అక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ ఆ రాత్రి నేను చేసింది కూడా చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కర్ర భుజాన వేసుకుని, రెండో మడుగు వైపు ముందు నడిచింది.