కాంథా

చిరిగిన చీరను పారవేయడం సులభం. దానిలో మరొక ఉపయోగాన్ని చూడడానికి ఓర్పు కావాలి. ఆ ఓర్పునుండి పుట్టినదే వంగదేశపు ‘నక్షీ కాంథా’. ‘కంథా’ అనే సంస్కృత పదానికి బొంత అని అర్థం. మన అవ్వలు పాత చీరలు పేర్చి కుట్టిన బొంతకు ఇది తోబుట్టువు. వంగస్త్రీ ఆ బొంతమీద బొమ్మలు కూడా కుట్టింది.

పాత చీరలను, ధోవతులను పొరలుగా పరచి, ముడతలు సవరించి, అంచులు కలిపి కుట్టగానే ఆమె ముందు తెల్లని బయలు నిలుస్తుంది. నడుమ పద్మం, నాలుగు మూలలనుండి దానివైపు వంగిన చెట్లు ఉండాలన్నది పెద్దలనాటి సంప్రదాయం. పద్మం పరిమాణం మాత్రం ఆమె నిర్ణయమే. అది పెద్దదైతే మూలలు ఇరుకవుతాయి; చిన్నదైతే బొంత వెలవెలబోతుంది.

రెండవ సమస్య రంగులది. పూర్వం దారాన్ని పాత చీరల అంచులనుండి పోగుపోగుగా లాగి కూర్చుకునేవారు. ఏనుగు అంబారీకి ఎరుపంతా వెచ్చిస్తే పద్మదళాలకు కొరత తప్పదు. అందువల్ల ఏది ప్రధానమో ముందే తేల్చుకోవాలి.

చిరుగు మరింత కఠినమైన పరీక్ష. దానిని మాసికతో కప్పవచ్చు. లేదా అక్కడొక చేపను నిలపవచ్చు. చేప వస్తే దాని చుట్టూ నీరు కావాలి, నీటిపై పడవ కావాలి. ఒక్క చిరుగు కూర్పునంతా మార్చివేస్తుంది. కుట్టినది నచ్చకపోతే విప్పడమూ తేలిక కాదు. నలిగిన బట్ట సూదిపోట్లకు మరింత చివుకుతుంది. కనుక సూది దించేముందే ఆమె చాలాసేపు ఆలోచిస్తుంది.

బొమ్మలు పూర్తయ్యాక మిగిలిన చోటునంతా తెల్లదారపు సన్నని కుట్లతో నింపుతుంది. బొమ్మల అంచులవెంట సాగే ఆ కుట్లవల్ల బట్టపై చిరుతరగలు లేస్తాయి.

జసీముద్దీన్ 1929లో ప్రచురించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యంలో సాజు దూరమైన భర్తకై నిరీక్షిస్తూ తన జీవితకథనే కాంథాపై కుడుతుంది. తన మరణానంతరం దానిని సమాధిపై పరచమని తల్లిని కోరుతుంది. బ్రతుకులో దేనిని బొమ్మగా నిలపాలో ఆమె తేల్చుకోవలసివచ్చింది.

నేడు కాంథాపని కొత్త పట్టుచీరలమీదికి చేరింది. దారం అంగడిలో కోరినంత దొరుకుతుంది. అయినా పద్మం ఎంత ఉండాలి, ఎరుపు ఎక్కడ నిలవాలి అనే ప్రశ్నలు తొలగిపోలేదు. వాటికి సమాధానం కుట్టే చేతిదే.