ముందు వరుసలో కునికిపాటు

జడ్చర్లలో తెల్లవారుజామున బస్సెక్కితే కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ చేరవచ్చు. పాత పాలమూరు జిల్లాలో పదేండ్లు పరిచర్య చేసి ఇప్పుడు నల్లగొండ జిల్లాలో ఉంటున్న నాకు ఈ దారి బాగా అలవాటు. కల్వకుర్తి దాటితే ఎర్రనేలలు, గుండ్రాళ్ల గుట్టలు, కనుచూపుమేర పత్తి. హాలియా దగ్గర సాగర్ ఎడమ కాలువ నీళ్లు తగిలాక నేల రంగే మారిపోతుంది. అక్కడనుండి వరి మడులు, ఆ తరువాత మిర్యాలగూడ రైసు మిల్లుల పొగగొట్టాలు. మెట్టలోనైనా మాగాణిలోనైనా నేను బస చేసిన ఇళ్లలో ఒక సంగతి మాత్రము మారలేదు. రాత్రి రెండు మూడు గంటలకు ఎవరో ఒకరు లేచి కూర్చొని దగ్గుతుంటారు. మనవాళ్లు దమ్ము అంటారు, పుస్తకాలలో ఉబ్బసము.

కల్వకుర్తి అవతల ఒక పల్లె సంఘములో ఎప్పుడూ ముందు వరుసలో కూర్చొనే అక్క ఒకామె ఉండేది. ప్రసంగము మొదలైన పది నిమిషాలకే ఆమె తల వాలిపోయేది. ఒక ఆదివారము నాకు విసుగు వచ్చింది. త్రోయలో పౌలు ప్రసంగము వింటూ నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిన ఐతుకును, ఆమె వైపు చూస్తూ జ్ఞాపకము చేశాను. అందరూ నవ్వారు. మరుసటి వారము ఆమె వెనుక గోడ దగ్గర కూర్చున్నది.

ఆ చలికాలములోనే కూడికకు వెళ్లి, వాళ్లింట్లోనే పండుకోవలసి వచ్చింది. నాకు అరుగు మీద మంచము వేశారు. మూడు గంటలప్పుడు లోపలినుండి పిల్లికూతలు వినబడి లేచాను. ఆమె భర్త తలుపు తీశాడు. మంచి ధర కోసము దాచిన పత్తి దూలాల దాకా కుప్పగా ఉన్నది. మిగిలిన కొద్ది జాగాలో మోకాళ్ల మీద మోచేతులు ఆనించుకొని ఆ అక్క కూర్చొని ఉన్నది. "రోజూ గిట్లనే అయ్యగారూ. రాత్రంత కూసోనే ఉంట. గుడికొచ్చి మీ మాటింటుంటే పానం నిమ్మలమై నిద్రొస్తది" అన్నది. తెల్లవారాక క్షమించమని అడిగాను. ఆమె సిగ్గుపడి టీ పెట్టడానికి లేచింది.

ఉబ్బసము రాత్రివేళ ఎందుకు ముదురుతుంది? ఊపిరి గొట్టాలను తెరిచి ఉంచి, వాపును అణచే రసాయనాలు మన దేహములో అర్ధరాత్రి బాగా తగ్గిపోతాయి. తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతములో ఆ గొట్టాలు అన్నిటికన్నా సన్నబడతాయి. దానికి తోడు చలిగాలి, పరుపులో కంటికి కనబడని పురుగులు, పొయ్యి పొగ, పత్తి నలక. 2021లో బోస్టన్ పరిశోధకులు 17 మంది ఉబ్బస రోగులను మసక వెలుతురులో 38 గంటలు మేలుకొని ఉంచి చూశారు. కన్ను మూయకపోయినా, దేహములోని గడియారము రాత్రి అని చెప్పే వేళకే వారి ఊపిరి బలము తగ్గింది.

నిద్ర చెడితే ఉబ్బసము రావచ్చా అన్నది రెండవ ప్రశ్న. బ్రిటనులో 4,55,000 మందికి పైగా ప్రజల వివరాలను పరిశీలించిన అధ్యయనము ఒకటి 2023లో వెలువడింది. పుట్టుకతోనే ముప్పు ఎక్కువగా ఉండి, నిద్ర కూడా సరిగా లేనివారికి, ఈ రెండూ లేనివారికంటే రెట్టింపునకు పైగా ఉబ్బసము వచ్చే అవకాశము ఉన్నట్టు అందులో తేలింది. నిద్రలేమియే కారణమని దానితో రుజువు కాలేదు గాని, నాకు మాత్రము ఆ ఇల్లే జ్ఞాపకము వచ్చింది. 2018 జనవరి 1 నుండి సేద్యానికి 24 గంటల కరెంటు మొదలయ్యేదాకా, బోర్ల కింద రైతులకు వంతులవారీగా రాత్రి కరెంటే దిక్కు. మోటారు పెట్టడానికి భర్త లేస్తే తలుపు చప్పుడుకు ఆమె లేచేది. పాముంటుందో, షాకు కొడుతుందో అని ఆయన తిరిగి వచ్చేదాకా కన్ను మూసేది కాదు. ఎన్నేండ్ల నిద్ర బాకీ పడిందో!

ఆమెను సర్కారు దవాఖానకు తీసుకువెళ్లాము. గత నాలుగు వారాలలో దమ్ముతో రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందని వైద్యుడు అడిగాడు. ఒక్కసారి వచ్చినా జబ్బు పూర్తిగా అదుపులో లేనట్టేనట. ఆయాసము వచ్చినప్పుడు మాత్ర మింగుతూ వచ్చిన అక్కకు, రోజూ పీల్చే మందు ఇచ్చాడు. పీల్చే మందు అలవాటైపోతుందని పల్లెల్లో భయము. నేనూ అలాగే అనుకొనేవాణ్ణి. అది మత్తుమందు కాదు, వాపును అణచే మందు. బాగున్నామని మనంతట మనమే మానకూడదు. పీల్చాక నోరు పుక్కిలించాలి.

పత్తిని పండుకొనే గదిలోనుండి తీయమని కూడా చెప్పాడు. ఇదే కష్టమైన మాట. కొట్టములో పెడితే మంచుకు తడుస్తుంది. తేమ 8 శాతము దాటితే కాటన్ కార్పొరేషను ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. ఇంటాయన రెండు దినాలు ఏమీ చెప్పలేదు. నేను మాత్రము సంఘములో రాత్రంతా జరిగే ప్రార్థనను పది గంటలకే ముగించాను. పెద్దలలో ఒకరిద్దరికి అది ఇప్పటికీ నచ్చలేదు.

మొన్న మళ్లీ ఆ పల్లెలో దిగాను. పత్తి కొట్టములో టార్పాలిన్ కింద ఉన్నది. పోయిన ఏడు తేమ ఎక్కువని కొన్నవాళ్లు ధర కోశారట. "పోతే పోనీ అయ్యగారూ, ఇంట్ల అందరం పండుకుంటున్నం" అన్నాడు ఆయన. ఆదివారము ఆ అక్క ముందు వరుసలోనే కూర్చున్నది. ప్రసంగము సగములో ఒకసారి తల వాలింది. నేను గొంతు తగ్గించాను.