పొగ చూడని తర్కము

మన యిండ్లలో ఏ వస్తువైనను చెడినప్పుడు "ఏమి చెడినది?" అను ప్రశ్నకంటె ముందుగ "ఎవరు చెడగొట్టిరి?" అను ప్రశ్న పుట్టుచున్నది. గడియారము నిలిచినను, తాళపుచెవి కనబడకున్నను, వస్తువును చూడకమునుపే మనుష్యుని వెదకుదుము. ఆ మనుష్యుడును తఱచుగ ఇంటిలో మిక్కిలి చిన్నవాడో, జీతమునకున్నవాడో, ఎదురాడలేనివాడో యగుచుండును. ఈ దురభ్యాసము ఇతరులకే కలదని మేము చాలకాలము తలంచుచుంటిమి. అది మాకును గలదని గడచిన వేసవిలో ఒక బావిగట్టుమీద తెలిసికొంటిమి. ఆ సంగతిని చదువరులకు దాచక చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము మొయినాబాదు ప్రాంతమున బడిపంతులము. మా అక్కగారి యిల్లు చేవెళ్లకు సమీపముననున్న యొక పల్లెలో కలదు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది ఈ ప్రాంతముమీదుగనే గండిపేటకు పోవును. 1908వ సంవత్సరపు వరద హైదరాబాదును ముంచిన పిమ్మట, మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరమును, ఈసీనదిపై 1927లో హిమాయత్‌సాగరమును కట్టి ముగించిరి. మొయినాబాదు ఈ రెండు జలాశయములకు నడుమనున్నది. ఇన్ని నీళ్లచెంత నుండియు ఇచటి రైతు నమ్మునది మాత్రము తన బావినో, బోరునో. మా బావగారికి రెండును గలవు. ఆ యేడు ఎకరమున్నర టమాట వేసిరి. పూత దిగి పిందె పడు సమయమున ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయెను. క్రొత్తది వచ్చుటకు నాలుగు దినములు పట్టునని తెలిసెను. చైత్రమాసపు టెండలో నాలుగు దినములు నీరు లేక పిందె నిలువదు.

అప్పుడు బావగారికి కొట్టములో మూలబడియున్న పాత డీజిలు ఇంజను జ్ఞాపకము వచ్చెను. 2018 జనవరి మొదలు వ్యవసాయమునకు ఇరువది నాలుగు గంటల కరెంటు ఇచ్చుట ఆరంభమైన పిదప దానితో ఆయనకు పని లేకపోయెను. బోరునందలి మోటరును అది నడుపజాలదు గాని బావిపై పంపును నడుపగలదు. బావిలో నిలువెత్తు నీరు కలదు. గోదావరిలో నాటుపడవలను నడుపునదియు ఇట్టి ఒంటి సిలిండరు ఇంజనే. గట్టుమీద అది మొరాయించినచో పైరు ఎండును. నడియేట మొరాయించినచో జనుల ప్రాణములే సందేహమున పడును.

బావగారి జీతగాని కొడుకు మా బడిలో తొమ్మిదవ తరగతివరకు చదివి, మానివేసి, చేవెళ్లలో ఒక మెకానిక్కు షెడ్డులో పని నేర్చుచున్నాడు. ముందునాటి సాయంకాలము డబ్బాలో డీజిలు తెచ్చి యిచ్చిపోయినవాడు అతడే. మరునాటి యుదయమున మేమును బావగారును హాండిలు పట్టి వంతులవారీగ తిప్పితిమి. లీవరు లేపి వేగముగ త్రిప్పి, లీవరు వదలితిమి. ఇంజను ఒకమారు నిట్టూర్చి ఊరకుండెను. చిలుకూరు బాలాజీ గుడిలో మ్రొక్కుకొనువారు పదునొకండు ప్రదక్షిణములు చేయుదురు. మేము అంతకంటె హెచ్చుగనే హాండిలును ప్రదక్షిణము చేయించితిమి. ఇంజను ఏల కదలలేదో అడుగక, మఱింత గట్టిగ త్రిప్పినచో కదలునని నమ్ముట మా భక్తి.

అంతలో ఆ పిల్లవాడు తండ్రికి సద్ది తెచ్చెను. అతనిని చూడగనే మాకు కారణము దొరికినట్లయ్యెను. "ఏందిరా, డీజిల్ల నీళ్లు కలిపి తెచ్చినవా? సగం అమ్ముకున్నవా?" అని తండ్రి యెదుటనే కేక వేసితిమి. తండ్రి తల వంచెను. పిల్లవాడు ఏమియు ననలేదు. మా అక్కగారు మాత్రము, "తమ్మీ, పొద్దటి సంది తిప్పుతనే ఉన్నరు. ఒక్కపారి పిల్లగాన్ని చూడనియ్యరాదు?" అనిరి.

అతడు మొదట డబ్బాలో మిగిలిన డీజిలును ఒక గాజుసీసాలో పోసి నీడలో పెట్టెను. పిదప ట్యాంకిలో నూనె కలదా, దాని క్రింది కాకు తెఱచియున్నదా యని చూచెను. తరువాత "సారూ, మీరు తిప్పుండ్రి, నేను పొగగొట్టం చూస్త" అనెను. త్రిప్పితిమి. "పొగ లేదు" అనెను. నాజిల్ దగ్గఱ చెవిపెట్టి మఱల త్రిప్పుమనెను. "చప్పుడు లేదు" అనెను. ఇంతే. సిలిండరు విప్పలేదు, వాల్వుల జోలికి పోలేదు. డీజిలు సిలిండరులోనికి వచ్చి కాలకపోయినచో తెల్లని పొగయైన రావలెను. ఏ పొగయు లేదు గనుక డీజిలే లోపలికి పోవుటలేదు. కావున దోషము ట్యాంకికిని నాజిలుకును నడుమనున్నది అని అతడు మాకు చెప్పెను.

చదువరులారా, మేము సాయంకాలములందు సంస్కృతము నేర్వగోరు ఇద్దఱు ముగ్గురికి తర్కసంగ్రహము చెప్పుచుందుము. దానిని రచించిన అన్నంభట్టు పదునేడవ శతాబ్దివాడు, తెలుగువాడని ప్రసిద్ధి. కొండమీద పొగను చూచి నిప్పు కలదని ఊహించుట అందలి ముఖ్యోదాహరణము. ఇన్నేండ్లుగ పొగను గూర్చి పాఠము చెప్పుచున్న మేము ఆ యుదయమంతయు పొగగొట్టము ప్రక్కనే నిలిచి ఒక్కమారైనను దానివంక చూడలేదు. చూచినవాడు మేము దొంగయన్న బాలుడు.

ఆ మీదట అతడు సీసాను ఎండకు ఎత్తి చూపెను. నీరు డీజిలుకంటె బరువైనది గనుక కలిసినచో అడుగున వేఱుగ నిలుచును. సీసా అడుగున గీటు లేదు. దానిని మాకు చూపి, ఒక్క మాటయు చెప్పక క్రింద పెట్టి, "సారూ, నిన్న ట్యాంకి ఎవరు ఖాళీ చేసిన్రు?" అని యడిగెను.

ఖాళీ చేసినవారము మేమే. పాతడీజిలు ఏండ్లనాటిది, పనికిరాదని, ముందునాటి రాత్రి గొట్టము ఊడదీసి కడబొట్టువఱకు కార్చి, క్రొత్తది పోసితిమి. మంచిపని చేసితిమనియే అనుకొంటిమి. గొట్టములు ఖాళీయైనప్పుడు వానిలో గాలి చేరును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని పదునైదవ వంతునకో, అంతకు తక్కువకో అణచినప్పుడు పుట్టు ఐదువందల డిగ్రీలకు మించిన వేడిమిలో నూనెను చిమ్మినచో అది తానే మండును. అట్లు చిమ్ముటకు నాజిలుకడ సుమారు రెండువందల వాతావరణముల పీడనము కావలెను. ద్రవము అణగదు గనుక ఆ పీడనమును మోసికొనిపోవును. గాలి బుడగ యున్నచో పంపు ఎంత నొక్కినను బుడగ అణగి లేచుచుండునే గాని నాజిలు తెఱచుకొనదు. రుడాల్ఫు డీజెలు అను జర్మను శిల్పి 1897లో ఈ యంత్రమును జయప్రదముగ నడిపి చూపెను. 1900వ సంవత్సరపు పారిసు ప్రదర్శనలో ఇట్టి ఇంజనును వేరుసెనగ నూనెతో సైతము నడిపిరి. ఏ నూనెతో నైనను సరిపెట్టుకొనగల యంత్రము గొట్టములోని గాలిని మాత్రము ఓర్వదు.

పిల్లవాడు పానాతో ఫిల్టరుపై నట్టు వదులుచేసెను. నురుగుతో డీజిలు పొంగెను. బుడగలు తీఱి ధార నిలుకడయగువఱకు ఉండి బిగించెను. పిదప పంపువద్ద అట్లే చేసెను. చివరకు నాజిలు గొట్టపు నట్టు వదులుచేసి, మాచేత త్రిప్పించి, డీజిలు చిమ్మగనే బిగించెను. కారినదంతయు తగరపుడబ్బాలో పట్టెను. ట్యాంకినుండి ముందుకు వచ్చెనే గాని ఒక్క మెట్టును దాటివేయలేదు. ఈసారి హాండిలు తానే త్రిప్పి లీవరు వదలెను. పొగగొట్టమునుండి నల్లని పొగ ఒక్కసారిగ ఎగసెను, ఇంజను పలికెను. కొంతసేపటికి బావినీరు కాలువలో పడెను.

గురువు శిష్యునియెదుట తప్పు ఒప్పుకొనరాదని మా తరమువారికి ఎవరు నేర్పిరో తెలియదు గాని అందఱమును నేర్చితిమి. ఆ గట్టుమీద ఆ పాఠమును విడుచుట ఇంజను త్రిప్పుటకంటె కష్టమయ్యెను. ఏ తండ్రియెదుట నింద వేసితిమో ఆ తండ్రియెదుటనే, చెడగొట్టినది మేమనియు, అనరాని మాట అంటిమనియు చెప్పితిమి. షెడ్డులో ఇచ్చునంత కూలి అతనికి ఇమ్మని బావగారితో ననగా, ఆయన "మనవాడే గదా" యని సంకోచించిరి. మనవాడు అను మాట పని చేయించుకొనునప్పుడు వచ్చును; నింద వేయునప్పుడు రాదు. అక్కగారు లోపలికి పోయి పైకము తెచ్చి యిచ్చిరి.

మన్నించితినని అతడు అనలేదు, మేమును అడుగలేదు. "నీళ్లు జోరుగ వస్తున్నయి సారూ, కాలువ తెగుతది" అని పార భుజమున వేసికొని టమాట సాళ్లవైపు పోయెను.