గాజువాక గతుకుల నుంచి వంజంగి మబ్బుల దాకా

వైజాగ్‌లో బండి కొనేముందు కుర్రాళ్లు రెండే చూస్తారు. టాప్ స్పీడ్ ఎంత? బీచ్ రోడ్డులో ఆపితే ఎంతమంది తిరిగి చూస్తారు? ఈ రెండింట్లోనూ స్పోర్ట్స్ బైకే ఫస్ట్. నేనూ ఒప్పుకుంటా. కానీ మన బండి బీచ్ రోడ్డులో ఉండేది వారానికి గంటో, రెండు గంటలో. మిగతా వారమంతా అది ఎక్కడ తిరుగుతుందో చూసుకుని కొనాలన్నది నా మాట. నాలుగేళ్లుగా 200 సీసీ అడ్వెంచర్ బండి నడుపుతున్నా. డ్యూటీకీ అదే, సెలవొస్తే ఏజెన్సీ కొండలకీ అదే.

ఈమధ్య ఈ సంగతి మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. మా పిన్ని కొడుక్కి ఉద్యోగం వచ్చింది. వాడికి స్పోర్ట్స్ బైక్ కావాలి. డబ్బు పిన్నిది, చీటీ డబ్బు. చోడవరం దగ్గర పల్లెలో ఉంటుంది తను. ఓ రోజు ఫోన్ చేసి, ‘‘ఒరే పెద్దోడా, ఆడికి నువ్వే సెప్పాలి. రెండు లచ్చలెట్టి ఆ బండి కొంతాడంట. ఎనకాల నేను కూకోగల్నా సెప్పు’’ అంది. నేను చెప్తే వాడు వింటాడా? అందుకే చెప్పడం మానేసి, వాణ్ని వంజంగి తీసుకెళ్లా. ఆ ట్రిప్ గురించి చెప్పేముందు రోజూ నేను వెళ్లే దారి ఓసారి చూడండి.

మధురవాడ టు గాజువాక

మా ఇల్లు మధురవాడలో, పని గాజువాక అవతల. రానూపోనూ యాభై కిలోమీటర్ల పైమాటే. కార్‌షెడ్, ఎండాడ, హనుమంతవాక వరకూ హాయిగా సాగిపోతుంది. మద్దిలపాలెం నుంచి సిగ్నళ్లు మొదలు. తాటిచెట్లపాలెం, కంచరపాలెం దాటి ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దిగి, ఎయిర్‌పోర్టు దాటి షీలానగర్ చేరేసరికి సీన్ మారిపోతుంది. పోర్టు వైపు వెళ్లే ట్రాలర్లు, లారీలు, కంపెనీ బస్సులు, మధ్యలో ఆటోలు, వాటి సందుల్లో మనం.

వానాకాలంలో ఇక్కడ అసలు ఆట. బరువు బళ్లు తొక్కితొక్కి రోడ్డు అంచున తారు లేచిపోతుంది. నీళ్లు నిలిచాయంటే గొయ్యి లోతెంతో తెలీదు. పక్కనే ట్రాలర్ వస్తుంటే హ్యాండిల్ తిప్పి తప్పించుకోలేం. గోతిలోంచే పోవాలి. సరిగ్గా ఆ క్షణంలో బండి ఎలాంటిదన్నది తేలిపోతుంది.

అడ్వెంచర్ బండికి ముందు చక్రం పెద్దది. చాలావాటికి 21 అంగుళాలు, స్పోర్ట్స్ బైకుకేమో 17. చక్రం పెద్దదైతే గోతిలో కూరుకోకుండా దొర్లుకుంటూ దాటేస్తుంది. షాకబ్జర్లు పొడుగ్గా ఉంటాయి కాబట్టి దెబ్బ నడుము దాకా రాకుండా అవే మింగేస్తాయి. హ్యాండిల్ వెడల్పు ఎక్కువ. చక్రం అదిరినా చేతిలో పట్టు తప్పదు. నిటారుగా కూర్చుంటాం కదా, ముందున్న కారు మీంచి అవతల ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది. గోతి ముందు కాస్త లేచి, ఫుట్‌రెస్టుల మీద నిలబడితే సగం దెబ్బ మోకాళ్లే తీసేసుకుంటాయి.

స్పోర్ట్స్ బైక్ మీద మనం ముందుకి వంగి ఉంటాం. గంటకి వంద మీద వెళ్తుంటే ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెట్టి, మణికట్ల మీద బరువు తగ్గిస్తుంది. అది ఆ స్పీడు కోసమే చేసిన కూర్పు. కంచరపాలెం ట్రాఫిక్‌లో ఇరవై మీద పోతుంటే ఆ గాలెక్కడిది? బరువంతా చేతుల మీదే. రోజూ గంటన్నర ఇలా నడిపితే మణికట్లు, మెడ, నడుము మూడూ కంప్లైంట్ చేస్తాయి.

కాగితం మీద కవలలే

స్పోర్ట్స్ బైక్ అంటే పవర్, అడ్వెంచర్ అంటే నెమ్మది అనుకుంటారు చాలామంది. మన కుర్రాళ్లు ఎక్కువగా పోల్చే రెండు బళ్లు చూద్దాం. యమహా ఆర్15 వీ4, హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ. మొదటిది 155 సీసీ, 18.4 పీఎస్. రెండోది దాదాపు 200 సీసీ, 19.1 పీఎస్. పవర్ దాదాపు సమానమే. తేడా అది ఎక్కడ దొరుకుతుందన్న దాంట్లో ఉంది. ఆర్15 పూర్తి బలం చూపించాలంటే ఇంజిన్ 10,000 ఆర్‌పీఎం దాకా తిరగాలి. ఎక్స్‌పల్స్‌కి 8,500 చాలు. లాగే శక్తి, అంటే టార్క్, ఆర్15కి 7,500 దగ్గర 14.2 ఎన్ఎం అయితే, ఎక్స్‌పల్స్‌కి 6,500 దగ్గరే 17.35 ఎన్ఎం. వెనక మనిషిని ఎక్కించుకుని, సంచి తగిలించి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పనికొచ్చేది ఈ రెండో లెక్క.

సీటు ఎత్తు చూస్తే నవ్వొస్తుంది. ఆర్15ది 815 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్‌ది 825. ఒక్క సెంటీమీటర్ తేడా. అదే రోడ్డుకీ ఇంజిన్ అడుగుకీ మధ్య ఖాళీ చూస్తే ఆర్15కి 170, ఎక్స్‌పల్స్‌కి 220 మిల్లీమీటర్లు. అయిదు సెంటీమీటర్లంటే తక్కువేం కాదు. కాలనీల్లో ఎవరికి వాళ్లు పోసేసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద డబుల్స్ వెళ్లేటప్పుడు ‘టక్’మని కింద తగలకుండా కాపాడేది ఆ ఖాళీయే.

అసలు ఈ రకం బళ్లు పుట్టింది మన గోతుల కోసం కాదు. 1980లో బీఎండబ్ల్యూ ‘ఆర్80 జీ/ఎస్’ అని ఒకటి తీసుకొచ్చింది. జర్మన్‌లో ఆ జీ అంటే మట్టి నేల, ఎస్ అంటే రోడ్డు. రెండింటికీ ఒకే బండి అన్నమాట. మరుసటి ఏడాదే పారిస్-డకార్ ర్యాలీలో ఆఫ్రికా ఎడారులు దాటి గెలిచింది కూడా. మన దేశంలో 2011లో హీరో ‘ఇంపల్స్’ వచ్చింది గానీ, అప్పట్లో జనం పెద్దగా పట్టించుకోలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ వచ్చాకే ఈ బళ్లు మామూలు వీధుల్లోకి దిగాయి. ఎడారి ఇసుక కోసం తయారైన లక్షణాలు షీలానగర్ గోతులకీ చక్కగా సరిపోయాయి!

ఘాట్ ఎక్కాక

ఇక వంజంగి. డిసెంబరులో ఓ శనివారం అర్ధరాత్రి దాటాక బయల్దేరాం. తమ్ముడు ఫ్రెండ్ దగ్గర 150 సీసీ స్పోర్ట్స్ బైక్ అడిగి తెచ్చుకున్నాడు. సబ్బవరం, చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు. సబ్బవరం దాకా వాడు ఎక్కడా కనిపించలేదు, అంత ముందు పోయాడు. రోడ్డు బాగుంటే ఆ బండి బాణమే. ఫెయిరింగ్ వెనక వంగి కూర్చుంటే గాలి తగలదు. నాకేమో ఎనభై దాటితే గాలంతా ఛాతీకే. చోడవరంలో టీ దగ్గర నాకోసం పది నిమిషాలు ఎదురుచూశాడు. ‘‘ఏటన్నా, ఎద్దుబండా?’’ అన్నాడు. అననీ.

మాడుగుల దాటాక ఘాట్ మొదలు. చీకట్లో మలుపు తర్వాత మలుపు, చలి, మంచు. ఇక్కడ స్పీడు పనిచెయ్యదు. దిగుతున్న జీపు ఎక్కడ ఎదురొస్తుందో, ఏ మలుపులో గులకరాళ్లు జారి ఉన్నాయో తెలీదు. మలుపు మలుపుకీ బ్రేకు, గేరు, మళ్లీ పికప్. సగం ఘాట్‌లో ఆగినప్పుడు వాడు గ్లవ్స్ తీసి మణికట్లు తిప్పుకుంటున్నాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నా.

పాడేరు చేరాక వంజంగి వైపు తిరిగాం. కొండ దగ్గర పడేకొద్దీ దారి చెడింది. రాళ్లు తేలి, మంచుకి తడిసిన మట్టి. నేను ఫస్ట్ గేర్‌లో, నిలబడి, మెల్లగా ఎక్కేస్తున్నా. వాడి బండి రెండుసార్లు రాయికి తగిలింది. అద్దె బండయితే ఫర్వాలేదు, ఫ్రెండ్ బండాయె! పక్కన పెట్టి తాళం వేసి నా వెనక ఎక్కాడు. కింద పార్కింగ్ దగ్గర మా బండి పెట్టి, మిగతా దూరం అందరితోపాటు నడిచాం.

తెల్లారేసరికి పైన ఉన్నాం. కాళ్ల కిందంతా మబ్బులే. కొండ శిఖరాలు మాత్రం దీవుల్లా తేలుతున్నాయి. సూర్యుడు వచ్చేదాకా తెల్లగా, వచ్చాక బంగారం రంగు. రీల్ తీసుకునేవాళ్లు రీల్ తీసుకుంటున్నారు. మేం కాసేపు ఫోన్లు జేబులో పెట్టి చూశాం.

దిగేటప్పుడు బళ్లు మార్చుకున్నాం. పాడేరు నుంచి మాడుగుల దాకా వాడు నాది, నేను వాడిది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. మొదటిసారి వాడు తల ఎత్తి అవన్నీ చూస్తూ నడిపాడు. మాడుగులలో హల్వా కొన్నాం. ‘‘ఎలా ఉంది?’’ అన్నా. ‘‘స్పీడు లేదు గానీ ఒళ్లు నొప్పి కూడా లేదన్నా’’ అన్నాడు.

అక్కణ్నుంచి పిన్ని ఇంటికి. తను ముందు వాడి బండి ఎక్కింది. వెనక సీటు చిన్నది, ఎత్తు మీద ఉంది. పట్టుకోవడానికి వాడి వీపు తప్ప ఏమీ లేదు. వీధి చివర దాకా వెళ్లి దిగిపోయింది. తర్వాత నాది. ఎక్కడానికి అరుగు మీద నిలబడాల్సి వచ్చింది. ఎక్కాక వెనక క్యారియర్ రాడ్ పట్టుకుని, ‘‘ఇది నయం, కుర్చీలా ఉంది’’ అంది. చెరువు గట్టు మీద మట్టి రోడ్డులో ఓ రౌండ్ వేశాం. వచ్చేటప్పుడు కబుర్లు కూడా చెప్పింది.

ఇవీ చూసుకోండి

అడ్వెంచర్ బండిలో లోపాల్లేవని కాదు. ఎత్తు తక్కువున్న వాళ్లకి సిగ్నల్ దగ్గర కాళ్లు పూర్తిగా అందవు. బరువు పైన ఉంటుంది, పార్కింగ్‌లో ఒరిగిందంటే పట్టుకోవడం కష్టం. హిమాలయన్ 450 అయితే 196 కిలోలు. ఎక్స్‌పల్స్ దాదాపు 158. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి. పుల్లల చక్రానికి చాలా బళ్లలో ట్యూబ్ ఉంటుంది. పంక్చరైతే చక్రం ఊడదీయాల్సిందే. ఘాట్‌లో పంక్చర్ షాపు దొరకదు, కాబట్టి స్పేర్ ట్యూబు, చేతి పంపు వెంట ఉండాలి. రోజూ వంద మీద హైవే నడిపేవాళ్లకి 200 సీసీ చాలదు.

స్పోర్ట్స్ బైక్ మీద నాకు కోపమూ లేదు. దాని అసలు మజా చూడాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లాలి. అక్కడ ఎదురు బండి రాదు, ఆవు అడ్డం రాదు. మన రోడ్డు మీద ఆ మజా కావాలంటే స్పీడు పెంచాలి, చిక్కంతా అక్కడే. 60 మీద వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. 120 మీద 33 మీటర్లు. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు. బీచ్ రోడ్డులో ఎవరో పిల్లాడు బంతి కోసం పరిగెత్తుకొస్తే ఈ లెక్క సరిదిద్దుకునే టైమ్ ఉండదు. నా బండి నలభై, యాభై మీదే సరదాగా ఉంటుంది. నాకు ఇది అన్నిటికంటే పెద్ద ప్లస్.

చీటీ పాట వచ్చే నెల. తమ్ముడు ఇంకా ఏదీ తేల్చలేదు. రోజూ రెండు బళ్ల వీడియోలూ చూస్తున్నాడు. వాడికి ఒక్కటే చెప్పా, మీకూ అదే. షోరూమ్ వాళ్లు టెస్ట్ రైడ్‌కి నున్నటి రోడ్డు మీద ఓ కిలోమీటర్ తిప్పి తీసుకొచ్చేస్తారు. దానికి ఒప్పుకోకండి. మీరు రోజూ వెళ్లే దారిలో, మీకు బాగా తెలిసిన గోతి మీంచి నడిపిస్తామని అడగండి. కుదిరితే వెనక ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టుకోండి. ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి సుమా.