తల ఊగని బండి

మా అత్తయ్యగారికి వారానికి మూడు రోజులు డయాలిసిస్. మేము వుండేది ఆనందపురంలో, ఆస్పత్రి ఆరిలోవ దగ్గర. వెళ్లేటప్పుడు ఆవిడ బాగానే వెళ్తారు. ఆటో అబ్బాయితో రాజకీయాలు కూడా మాట్లాడతారు. చిక్కల్లా తిరిగి వచ్చేటప్పుడే. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని లేచిన మనిషికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతూ వుంటాయి. ఒకనాడు మధురవాడ దాటాక ఆటో ఆపించి, పూలబుట్టలతో వెళ్తున్న ఆడవాళ్ల సాయంతో ఆవిణ్ణి అరుగు మీద పడుకోబెట్టాను. ఆ రాత్రే కారు కొనాలని నిశ్చయించుకున్నాను.

మావారిది ఓడ మీద ఉద్యోగం. ఏడాదిలో సగం కాలం సముద్రంలోనే గడుస్తుంది. కనక కారు చూడవలసినదాన్నీ నేనే, బేరమాడవలసినదాన్నీ నేనే, రేపు నడపవలసినదాన్నీ నేనే. చేతిలో వున్నది ఏడున్నర లక్షలు. అందులో రెండు లక్షలు చీటీ పాడి తెచ్చినవి. బడిపంతులమ్మ జీతంలో ఆ చీటీ ఎన్నాళ్లు తీరాలో లెక్కవేసుకుంటే నాకే కళ్లు తిరిగాయి.

చిన్న కారు చవక. కాని అందులోకి ఎక్కడమంటే బావిలోకి దిగినట్టే. అత్తయ్యగారి మోకాళ్లకు అది పడదు. నాలుగు మీటర్ల లోపు పొడవుతో, జీపులా కాస్త ఎత్తుగా వుండే బళ్లు ఈ పదేళ్లలో చాలా వచ్చాయి. సీటు మంచమంత ఎత్తున వుంటుంది. పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపల పెట్టుకుంటే చాలు. అంతవరకూ నాకూ మావారికీ ఏకాభిప్రాయమే. తగవు వచ్చింది గేర్ల దగ్గర.

"మాన్యువల్ తీసుకో. చెడితే ఆనందపురం జంక్షన్‌లోనే బాగవుతుంది" అని ఆయన సింగపూరు రేవునుంచి ఫోను. మాట సబబే. కాని హనుమంతవాక ట్రాఫిక్‌లో గజానికొకసారి క్లచ్చి తొక్కుతూ, అద్దంలో వెనక మనిషి మొహం చూసుకుంటూ నడపవలసింది ఆయన కాదు గదా!

ఆటోమాటిక్ అంటే ఒకటే రకమనుకునేదాన్ని. జంక్షన్‌లో షెడ్డు వున్న మేస్త్రీ ఒకాయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. మొదటి రకం ఏఎంటీ. లోపల వున్నది మామూలు గేరుపెట్టే. మన కాలూ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది. చవక, పెట్రోలు పొదుపు. రెండవది రెండు క్లచ్చిల పెట్టె. ఒక క్లచ్చి బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను చూసుకుంటాయి. ఒక గేరులో నడుస్తుండగానే తరువాతది సిద్ధంగా వుంటుంది. మెరుపులా మారుతుంది. మూడవది టార్క్ కన్వర్టర్. "రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే, ఆ గాలికి రెండోది తిరగదేటమ్మగారూ? గాలి బదులు నూనె అనుకోండి, అంతే" అన్నాడు. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంత తేలిగ్గా చెప్పరు.

మొదట చూసింది ఏఎంటీ డీజిలు బండి. ధర నాకు అందుబాటులోనే వుంది. అత్తయ్యగారిని వెనక కూర్చోబెట్టి నడిపాను. గేరు మారినప్పుడల్లా ఒక్క క్షణం లాగుడు ఆగిపోతుంది, మనిషి ముందుకు తూలుతుంది, తిరిగి వెనక్కి పడుతుంది. ఎండాడ ఎగుడులో బ్రేకుమీంచి కాలు తియ్యగానే బండి వెనక్కి జారింది. వెనక సిమెంటు లారీ! అత్తయ్యగారు దిగి, "బండి మంచిదేనమ్మా, కాని నేను ప్రతి మాటకూ తల ఊపినట్టుంది. నాకా అలవాటు లేదు" అన్నారు. నలభై ఏళ్లుగా ఆ సంగతి మామయ్యగారికి తెలుసు, పాతికేళ్లుగా నాకు తెలుసు. పైగా బండి అడుగున మేస్త్రీ గీకిన చోటల్లా తుప్పు రేకులుగా రాలింది. సముద్రానికి ఎదురుగా వున్న ఇంటిముందు నిలబెట్టిన బండి మరి.

రెండు క్లచ్చిలది నడుపుతుంటే నాకు పదహారేళ్లు వచ్చాయి. కాని మేస్త్రీ పెదవి విరిచాడు. ఆ చిన్న బళ్లలో వుండేవి సాధారణంగా నూనెలో మునగని పొడి క్లచ్చిలట. నత్తనడక ట్రాఫిక్‌లో అవి వేడెక్కుతాయి. పాడైతే ఖర్చు పెద్దదే. నేను వెళ్లవలసింది వారానికి మూడుసార్లు ఆ నత్తనడకలోకే.

మన పెనుకొండ ఫ్యాక్టరీలో తయారయ్యే సోనెట్‌లో డీజిలుకు టార్క్ కన్వర్టర్ వుంది. మనసు పడ్డాను. ధర వినగానే మనసు తిరిగి స్వస్థానం చేరుకుంది.

చివరికి దొరికింది 2020 నాటి బ్రెజా. పెట్రోలు, టార్క్ కన్వర్టర్, నాలుగే గేర్లు. ఆరు గేర్ల కాలంలో నాలుగంటే పాతకాలపు వ్యవహారమే. మేస్త్రీ పొద్దున్నే వెళ్దామన్నాడు, ఇంజను చల్లగా వున్నప్పుడు స్టార్టు చేస్తేనే దాని అసలు గొంతు వినపడుతుందట. బ్రేకు తొక్కిపట్టి వెనక గేరుకూ ముందు గేరుకూ మార్పించాడు, కుదుపు వస్తుందేమో చూడటానికి. సీటుబెల్టులు ఆఖరంటా లాగి బురదచార వెతికాడు. నీటమునిగిన బండిని ఎంత కడిగినా బెల్టు చివర దాచలేరట. టైర్ల మీది నాలుగంకెలు చదివాడు. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. పైకప్పు అంచులు వేళ్లతో తడిమాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో చెట్లు విరిగి ఊళ్లో కార్లమీద పడ్డనాటినుంచి ఆయనకా అలవాటు. ఈ బండి అప్పటికి పుట్టనే లేదు, అయినా తడిమాడు. నేను మాత్రం మీటరు అంకెను సర్వీసు రశీదులతో సరిచూశాను, బ్యాంకు అప్పు తీరిన కాగితం అడిగాను, చలానాలు వెతికాను. కాగితాలు దిద్దడం పంతులమ్మకు కొత్త కాదు గదా.

అమ్మేవారు ఎనిమిది అడిగారు. రెండు టైర్లు మార్చవలసి వుందని చూపించి ఏడు ముప్పైకి తెచ్చాను. మిగిలిన ఇరవై వేలూ టైర్లకూ ఇన్సూరెన్సు పేరు మార్పుకూ సరిపోయాయి, రూపాయి మిగలలేదు. బదిలీ ఫారాలు 29, 30 నా ఎదుటే సంతకమయ్యాకే డబ్బు పంపాను.

మొన్న మంగళవారం డయాలిసిస్ నుంచి తిరిగి వచ్చి ఇంటిముందు బండి ఆపానో లేదో, మావారి ఫోను.

"లీటరుకు ఎంతిస్తోంది?"

"ఊళ్లో పదకొండు."

అవతల కాసేపు సముద్రం తప్ప ఏమీ వినిపించలేదు. తరువాత, "అమ్మ ఏది? ఓసారి ఇవ్వు" అన్నారు.

"వెనక సీట్లో నిద్రపోతున్నారు. ఎండాడ దగ్గర కన్నుమూశాడు నిద్రదేవుడు కాదు, ఆవిడే కళ్లు మూసుకున్నారు. ఇంకా లేపలేదు" అన్నాను. ఏసీ ఆపకుండా, మరో అరగంట అలాగే కూర్చున్నాను.