అమ్మకు అందని రేడియో

స్కూలని పేరేగాని, చదివేది ఎమ్మేలండీ! హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో అబిడ్సులో, సరోజినీనాయుడు నివసించిన ఇంట్లో మొదలైంది. ఆమె పేరిట 1988లో వెలసిన ఈ కళల స్కూలు ఇప్పుడు గచ్చిబౌలిలో ఉంది. బండరాళ్ళ మధ్య నాటకంవాళ్ళు సంభాషణలు వల్లిస్తూంటే, అవతల కంప్యూటరు కంపెనీల మేడలు రాత్రంతా వెలుగుతూంటాయి.

అక్కడి ‘బోల్ హైదరాబాద్’ రేడియోలో, మొదటిసారి మైకు ముందు, పుస్తకాల భాషలో నాకు నోరు పెగల్లేదు. మా పాలమూరు మాటల్లోనే అమ్మ జొన్నరొట్టె కొట్టే తీరు చెప్పాను. మర్నాడు మెస్సులో వడ్డించే ఆవిడ, “నిన్న రేడియోల నువ్వేనా, బిడ్డా? మా దిక్కుదానివే!” అంటూ ఇంకో రొట్టె వేసింది.

కమ్యూనిటీ రేడియోల శక్తి సాధారణంగా 100 వాట్లే. మా ఊరికి అందదు. ఫోనులో అమ్మకు అంతా చెప్పాను.

“నా రొట్టె ముచ్చట పట్నమోళ్ళకెందుకే?” అంది. అని, మళ్ళా చెప్పమంది.